మెత్, ఐస్, షాబు.. పేరేదైనా సరుకు ఒకటే! పిల్లోడు వాడుతున్నాడని తెలిస్తే ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రొద్దుటూరు: పండక్కి బెంగళూరు నుంచి రాత్రి బస్సుకు కొడుకు ఇంటికొచ్చాడు అనుకోండి. వచ్చి మూడు రోజులైనా కంటి మీద కునుకు లేదు. అన్నం ముట్టడం లేదు. పళ్ళు పటపటా కొరుకుతున్నాడు. పక్కింటోళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీలన్నీ మూసేస్తున్నాడు. నోట్లో మందు వాసన లేదు, చొక్కాకి గంజాయి కంపు లేదు. ఇంట్లో వాళ్ళకు మొదట డ్రగ్స్ అనే అనుమానమే రాదు. "పరీక్షల టెన్షన్ ఏమో" అంటారు, "ఎవరో ఏదో పెట్టినారు" అంటారు. వారం తర్వాత ఉతకడానికి తీసిన ప్యాంటు జేబులో చిన్న ప్లాస్టిక్ కవర్ కనపడుతుంది. అందులో పటిక ముక్కల్లాంటి తెల్లటి పలుకులు. అక్కడి నుంచి రెండో భయం మొదలవుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందా?

ఇది ఊహించి రాసిన సీనే. కానీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి బెంగళూరు, హైదరాబాద్, చెన్నైకి చదువులకీ ఉద్యోగాలకీ పిల్లల్ని పంపిన ఇళ్ళు వీధికి పది ఉంటాయి. డ్రగ్స్ గురించి ఈ వైపు వార్తల్లో ఎక్కువగా కనపడేది గంజాయే. దాన్ని వాసనతో పట్టేయొచ్చు. మెత్‌ని అలా పట్టలేం. అందుకే ఈ వివరాలు.

రెండో భయానికి జవాబు ముందే చెప్పేస్తాం. కేసు భయంతో వైద్యం ఆపాల్సిన పని లేదు. చట్టంలోనే దానికో దారి ఉంది. అదేంటో కింద చూద్దాం.

అసలు ఏంటీ మెత్?

పూర్తి పేరు మెథాంఫెటమైన్. ఫ్యాక్టరీల్లోనో, దొంగచాటు ల్యాబుల్లోనో రసాయనాలతో తయారయ్యే ఉత్ప్రేరకం. చెట్టు నుంచి వచ్చేది కాదు. కొత్తదేమీ కాదు కూడా. 1893లో జపాన్ శాస్త్రవేత్త నగాయ్ నగాయోషి దీన్ని మొదటిసారి తయారుచేశారు. 1919లో అకిరా ఒగాటా స్ఫటిక రూపంలోకి తెచ్చారు. 1938లో జర్మనీలో 'పెర్విటిన్' పేరుతో మాత్రలుగా అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో నిద్ర రాకుండా సైనికులకు ఇచ్చింది ఇవే. యుద్ధం అయ్యాక జపాన్‌లో మిగిలిన నిల్వలు బజారుకెక్కి, దేశమే దానికి అలవాటుపడే పరిస్థితి వచ్చింది. 1951లో ప్రత్యేక చట్టం తెచ్చి కట్టడి చేయాల్సి వచ్చింది.

స్ఫటికాల్లా ఉంటే 'ఐస్', 'క్రిస్టల్' అంటారు. థాయిలాండ్‌లో కెఫీన్ కలిపిన మాత్రల్ని 'యాబా' అంటారు. గల్ఫ్‌లో 'షాబు'. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. వాళ్ళలో చాలామందికి ఈ చివరి పేరు కొత్త కాదు.

ఇక్కడో గందరగోళం ఉంది. వార్తల్లో మెత్, ఎండీఎంఏ, ఎండీ మూడూ కలిసిపోతుంటాయి. నిజం చెప్పాలంటే స్క్రోలింగ్ హడావిడిలో మా డెస్క్‌లోనూ ఒకదాని బదులు ఇంకోటి పడిన రోజులున్నాయి. ఎండీఎంఏ అంటే పార్టీల్లో వాడే 'ఎక్స్‌టసీ'. ఎండీ అంటే మెఫెడ్రోన్. ఇది 2015లోనే మన మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. మూడూ వేరు వేరు పదార్థాలు, ప్రభావాలూ వేరు, చట్టంలో లెక్కలూ వేరు. వాడేవాడికి కూడా తన చేతిలో ఉన్నది ఏదో తెలియకపోవచ్చు. ఎండీఎంఏ అని చెప్పి మెత్ అంటగట్టడం ఈ దందాలో మామూలే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మనకు నచ్చిన పని చేసినప్పుడు, ఆకలేసి తిన్నప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం కొంచెం విడుదలవుతుంది. మెత్ ఆ గేట్లను ఒక్కసారిగా ఎత్తేస్తుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో డోపమైన్ మామూలు స్థాయికి పది రెట్ల దాకా వెళ్ళింది. పైగా త్వరగా దిగదు. కొకైన్ సగం దిగడానికి గంట పడితే, మెత్ సగం దిగడానికే దాదాపు పది గంటలు పడుతుంది. అందుకే ఒక్కసారి తీసుకున్నా రాత్రంతా నిద్ర ఉండదు.

మొదట్లో ఇదంతా బాగానే అనిపిస్తుంది. అదే దీని మోసం. ఆకలి లేదు, నిద్ర లేదు, అలసట లేదు, ధైర్యం ఎక్కువ, మాటలు ఎక్కువ. ఇంట్లో వాళ్ళకు "పిల్లోడు రాత్రంతా మేలుకుని చదువుతున్నాడు" అనిపించినా ఆశ్చర్యం లేదు. లోపల మాత్రం గుండె వేగం, బీపీ పెరుగుతాయి, ఒంటి వేడి ప్రమాదకరంగా ఎక్కుతుంది. పాతికేళ్ళ వయసులో గుండెపోటు, పక్షవాతం రావడానికి ఇదొక కారణం. మే నెలలో మన ఎండలు ఎలా ఉంటాయో తెలుసు కదా. ఒంటి వేడి అదుపు తప్పే మందు వేసుకుని ఆ ఎండలో తిరగడం అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నెలలు గడిచేకొద్దీ బరువు తగ్గిపోతుంది. నోరు ఎండిపోయి, పళ్ళు కొరికి కొరికి పుచ్చిపోతాయి, విరిగిపోతాయి. చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అనిపించి గీరుకుంటారు, ముఖం మీద, చేతుల మీద పుండ్లు పడతాయి. గుండె కండరమే బలహీనపడొచ్చు. సూదులు పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ ముప్పు ఉండనే ఉంది.

మత్తు దిగాక సీన్ మొత్తం తిరగబడుతుంది. ఒకటి రెండు రోజులు లేవకుండా పడుకుంటారు, లేచి విపరీతంగా తింటారు, తర్వాత దిగులు. దేని మీదా ఇష్టం ఉండదు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చేది కూడా ఎక్కువగా ఈ దశలోనే. "మానేశాడు, ఇంక పర్లేదు" అని ఇంట్లో వాళ్ళు ఊపిరి పీల్చుకునే సమయం ఇదే కావడం దురదృష్టం. ఆ రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకూడదు.

తాయెత్తు కట్టించే లోపు..

మెత్ వాడేవాళ్ళలో మానసిక వైద్యులు ఎక్కువగా చూసేది 'సైకోసిస్'. ఎవరో వెంటాడుతున్నారని, ఫోన్లో ఎవరో వింటున్నారని, అన్నంలో విషం కలిపారని గట్టిగా నమ్ముతారు. లేని మాటలు వినపడతాయి. పైకి చూస్తే స్కిజోఫ్రీనియాకీ దీనికీ తేడా చెప్పడం డాక్టర్లకే ఒక్కోసారి కష్టం. చాలామందిలో మందు ఆపిన కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం నెలల తరబడి ఉంటుంది. మళ్ళీ వాడితే ఇంకా తొందరగా తిరగబెడుతుంది.

మన ఇళ్ళలో ఇలాంటి మనిషిని చూస్తే మొదట గుర్తొచ్చేది గాలి, చేతబడి. మొక్కులు, తాయెత్తులు ఎవరి నమ్మకం వాళ్ళది, దాని గురించి ఇక్కడ మాట్లాడటం లేదు. మొక్కుకోండి, కానీ అదే రోజు డాక్టర్‌కీ చూపించండి. అనుమానంతో ఉన్న మనిషి భయపడి ఎదుటివాళ్ళ మీద చేయి చేసుకోవచ్చు, మిద్దె మీద నుంచి దూకొచ్చు. వాదించి "అదంతా నీ భ్రమ" అని నిరూపించే ప్రయత్నం వద్దు. గొంతు తగ్గించి మాట్లాడటం, చుట్టూ జనాన్ని తగ్గించడం, కత్తులు, బైక్ తాళాలు పక్కన పెట్టడం.. అప్పటికి అంతే. ఒళ్ళు కాలిపోతున్నా, ఛాతీ నొప్పి అన్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయాలి. వచ్చేలోపు నీడకు చేర్చి, తడి గుడ్డలతో ఒళ్ళు చల్లబరచాలి. హెరాయిన్ లాంటి వాటికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, మెత్‌కి అలాంటి విరుగుడు లేదు. అందుకే టైమ్ ముఖ్యం.

ఇంత సరుకు ఎక్కడి నుంచి?

ఆసియాలో మెత్‌కి పెద్ద పుట్టిల్లు మయన్మార్‌లోని షాన్ రాష్ట్రం. 'గోల్డెన్ ట్రయాంగిల్' అనే ప్రాంతంలో భాగం. 2024 నవంబర్‌లో అండమాన్ దగ్గర సముద్రంలో మన కోస్ట్ గార్డ్ ఒక మయన్మార్ చేపల పడవను ఆపితే అందులో సుమారు 6,000 కేజీల మెత్ దొరికింది. అదే నెలలో గుజరాత్ తీరంలో దాదాపు 700 కేజీలు. అంతకుముందు 2023 మేలో కేరళ తీరంలో సుమారు 2,500 కేజీలు. ఒకప్పుడు ఇలాంటి పట్టివేతలు గ్రాముల్లో చదివేవాళ్ళం.

తెలుగు నేల పేరు కూడా ఈ కథలో ఉంది. మెత్ తయారీకి వాడే ముడిసరుకు సూడోఎఫెడ్రిన్. జలుబు మాత్రల్లో ఉండే పదార్థమే ఇది. 2021 అక్టోబర్‌లో నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో బెంగళూరు విభాగం మూడు లెహంగాల అంచుల్లో కుట్టి దాచిన సుమారు 3 కేజీల సూడోఎఫెడ్రిన్ పట్టుకుంది. ఆ పార్సిల్ బుక్ అయింది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో, వెళ్ళాల్సింది ఆస్ట్రేలియాకి. పెళ్ళి బట్టల పార్సిల్‌ని ఎవరు అనుమానిస్తారు చెప్పండి!

రాయలసీమకు సంబంధించినంత వరకు చూడాల్సిన వైపు బెంగళూరు. మన రాష్ట్రంలో సింథటిక్ డ్రగ్స్ కేసు ఏది వచ్చినా ఆ ఊరి పేరు తరచూ వినపడుతుంది. ఇది గంజాయిలా బస్తాల్లో రాదు, పర్సులో పడుతుంది. కాబట్టి చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపి పట్టుకునే పద్ధతి దీనికి అంతగా పనికిరాదు.

కువైట్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట ప్రత్యేకంగా. "మా వాళ్ళకి ఈ పచ్చడి పొట్లం ఇచ్చేయ్ అన్నా" అని ఎవరైనా ఇస్తే, విప్పి చూడనిదే తీసుకోవద్దు. అక్కడి చట్టంలో డ్రగ్స్ రవాణాకు మరణశిక్ష దాకా ఉంది. నాకు తెలియదు అన్నా, నిరూపించుకునే లోపు జైల్లో ఏళ్ళు గడిచిపోతాయి.

50 గ్రాములు అంటే ఐదు తులాలు

ఇప్పుడు చట్టం. మన దేశంలో దీనికి ఎన్‌డీపీఎస్ చట్టం, 1985. శిక్ష ఎంతన్నది దొరికిన బరువు మీద ఆధారపడుతుంది. గంజాయి అయితే 20 కేజీలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. మెత్‌కి అది 50 గ్రాములే. ప్రొద్దుటూరు వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, పది గ్రాముల తులం లెక్కన ఐదు తులాలు. ఎండీఎంఏకి ఇంకా తక్కువ, 10 గ్రాములు, అంటే ఒక్క తులం. ఆ పరిమాణంలో దొరికితే కనీసం పదేళ్ళు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ళ జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. బెయిల్ రావడమూ చాలా కష్టం. మెత్ 2 గ్రాముల లోపు 'చిన్న పరిమాణం', ఏడాది దాకా జైలు. మధ్యలో ఉన్నదానికి పదేళ్ళ దాకా.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. కల్తీ సరుకైతే అందులో మెత్ ఎంతో విడిగా లెక్కగట్టరు. కలిపిన పొడితో సహా మొత్తం బరువు లెక్కే అని 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "నేను అమ్మలేదు, రూమ్‌మేట్స్ అందరికీ కలిపి తెచ్చినా" అన్నా కుదరదు. కొనడం, దగ్గర పెట్టుకోవడం, తీసుకురావడం అన్నీ నేరాలే. వాడటం కూడా నేరమే, పదార్థాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది దాకా జైలు. పిల్లలకు డ్రగ్స్ ఇచ్చినా, పిల్లలతో మోయించినా జువైనల్ జస్టిస్ చట్టం కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది.

మరి ముందు చెప్పిన దారి ఏది? ఇదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. డ్రగ్స్‌కు అలవాటుపడిన వ్యక్తి తనంతట తాను ముందుకొచ్చి, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో, కేంద్రంలో వైద్యం చేయించుకుంటే, వాడినందుకు గానీ, చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకు గానీ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. షరతు ఒకటే, వైద్యం పూర్తి చేయాలి. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. అమ్మేవాళ్ళకు ఇది వర్తించదు. అలాగే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలూ వైద్యం పొందాల్సిన జబ్బులే, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి.

జేబులో దొరికిన ఆ కవర్ సంగతి? బీరువాలో దాచిపెడితే అది ఇంట్లో వాళ్ళ దగ్గర ఉన్నట్టే లెక్క. లాయర్ సలహా కావాలంటే ఉచిత న్యాయ సేవ ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు. అంటే అమ్మ వెళ్ళి అడగొచ్చు.

ఏ నంబర్ దేనికి?

అసలు తికమక అంతా ఇక్కడే ఉంది. పోస్టర్ మీద ఒక నంబర్ ఉంటుంది, ఇంట్లో అవసరం ఇంకో నంబర్‌ది.

1972 మన రాష్ట్ర పోలీసుల 'ఈగల్' విభాగానిది. ఎక్కడ అమ్ముతున్నారు, ఎవరు తెస్తున్నారు అనే సమాచారం ఇవ్వడానికి. 1933 కేంద్ర నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోది, 2024 జులైలో మొదలైంది. ఇక మనిషికి వైద్యం కావాలంటే 14446. ఇది కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే డీ అడిక్షన్ హెల్ప్‌లైన్. దిగులు, భయం, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. కొడుకు వాడుతున్నాడని తెలిసిన ఇంట్లో మొదటి ఫోన్ వెళ్ళాల్సింది 14446కి లేదా 14416కి. సరుకు అమ్మినవాడి గురించి 1972కి చెప్పడం తర్వాతి పని, అదీ చేయాల్సిన పనే.

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయంటే..

ఆంధ్రాలో డ్రగ్స్ మీద పోరాటం అంటే చాలా ఏళ్ళు గంజాయి మీద పోరాటమే. 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో ఏజెన్సీలో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కేజీల గంజాయిని తగలబెట్టారు. 2024 నవంబర్‌లో ప్రత్యేకంగా 'ఈగల్' ఏర్పాటైంది. దానికి అధిపతిగా వచ్చిన ఐజీ ఆకె రవికృష్ణను సీమలో కొందరు వేరేలా గుర్తుపడతారు. కర్నూలు ఎస్పీగా ఉన్నప్పుడు ఫ్యాక్షన్ ఊరు కప్పట్రాళ్ళను దత్తత తీసుకున్నది ఆయనే. స్కూళ్ళలో, కాలేజీల్లో ఈగల్ క్లబ్బులు, 'డ్రగ్స్ వద్దు బ్రో' ప్రచారం ఈ విభాగం వచ్చాకే ఊపందుకున్నాయి. కేంద్రం వైపు నుంచి 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలైన 'నశా ముక్త్ భారత్ అభియాన్' ఉంది.

ర్యాలీలు, ప్రతిజ్ఞలు వద్దని కాదు. అయితే లెక్క చూడండి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం, మెత్ తరహా ఉత్ప్రేరకాలు వాడేవాళ్ళు 0.18 శాతం. చిన్న సంఖ్యలా ఉంది కదా! కానీ ఆ సర్వే చేసేనాటికి టన్నుల లెక్కన మెత్ మన సముద్రాల్లో పట్టుబడటం లేదు. అదే సర్వేలో అసలు కలవరపెట్టే అంకె ఇంకోటి ఉంది. అక్రమ డ్రగ్స్‌కు బానిసైన ఇరవై మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా పంతొమ్మిది మంది ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళ తల్లిదండ్రులకు 'వద్దు బ్రో' అనే పోస్టర్ కన్నా, 64ఏ గురించి నాలుగు ముక్కలు రాసి ఆసుపత్రి ఓపీ ముందు, ఆర్టీసీ బస్టాండ్‌లో అంటిస్తే ఎక్కువ ఉపయోగం అనేది మా అభిప్రాయం.

వైద్యం ఎలా ఉంటుంది?

ఈ మూడు ఊళ్ళ వాళ్ళకు అందుబాటులో ఉన్న పెద్ద దిక్కు కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, అంటే అందరూ రిమ్స్ అనే దాంట్లోని మానసిక వైద్య విభాగం. దగ్గర్లో మొదట చూపించుకోవడానికి ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి ఉంది. డాక్టర్ దగ్గర ఏం వాడాడో, ఎప్పటి నుంచో దాచకుండా చెప్పాలి. ఉత్త నిద్ర పట్టడం లేదని చెప్తే నిద్రమాత్ర రాసి పంపిస్తారు.

మెత్ మాన్పించడానికి ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర ఏదీ లేదు. రెండు మందులు కలిపి ఇచ్చి అమెరికాలో చేసిన ఓ ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. 13.6 శాతం మందిలో పనిచేసింది, ఉత్తుత్తి మందు ఇచ్చిన వాళ్ళలో 2.5 శాతం. అంటే దారి ఉంది, కానీ ఇంకా ఇరుకు. బాగా పనిచేసేది కౌన్సెలింగ్, అందులోనూ యూరిన్ టెస్ట్ క్లీన్‌గా వచ్చిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, ఫలితాలు మాత్రం దీనికే ఎక్కువ. భ్రమలకు, నిద్రకు, దిగులుకు వేరుగా మందులు ఇస్తారు.

ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్‌లో చేర్చేముందు దానికి రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ నిజంగా వస్తారా, ఇంటివాళ్ళను లోపలికి రానిస్తారా అని అడగండి. గొలుసులతో కట్టేయడం 2017 చట్టం ప్రకారం నిషేధం. "నెల రోజులు ఇక్కడ పడేసి పోండి, మనిషిని చేసి పంపుతాం" అనేచోట ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఎందుకంటే ఇది నెలతో అయ్యేది కాదు. ఏడాది పైన మానేసిన వాళ్ళ మెదడు స్కానింగుల్లో డోపమైన్ వ్యవస్థ చాలావరకు కోలుకున్నట్టు 2001లోనే అమెరికా పరిశోధకులు చూశారు. అన్ని రోజులు పడుతుంది. ఇంటికొచ్చిన మొదటి నెలల్లో ఏ పనీ రుచించదు, మాట పెగలదు. దాన్ని సోమరితనం అని తిట్టే ఇళ్ళే ఎక్కువ. పాత నంబర్లు ఉన్న ఫోన్, చేతిలో డబ్బు, బెంగళూరులో అదే రూమ్.. ఈ మూడింటి గురించి డిశ్చార్జ్ రోజే డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకసారి జారితే మళ్ళీ అదే ఓపీకి తీసుకెళ్ళొచ్చు. రెండోసారి వెళ్ళినా చూస్తారు, మూడోసారి వెళ్ళినా చూస్తారు.